థర్లోల వాకిటి రాయి

మా నార్త్ ఆల్డెన్‌లో చచ్చిపోయినవాళ్ళందరూ ఏవిస్ థర్లోకి పేరుపేరునా తెలుసు. బతికున్నవాళ్ళ సంగతి ఆవిడకు అంతగా పట్టేది కాదు. మెర్టన్‌ని చేసుకుని నేను ఈ ఊరొచ్చిన కొత్తలో, చర్చి మెట్ల దగ్గర ఆవిడ నన్ను పలకరించిన మొదటి మాట, "మీ పుట్టింటివాళ్ళు ఏ ఓడలో వచ్చారమ్మా?" అని. ఓడ లేదండీ, మా తాత కెనడా నుంచి నడిచొచ్చాడు అన్నాను. "అయ్యో పాపం," అంది. వెటకారంగా అనలేదు, నిజంగానే జాలిపడింది. అందుకని కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

పొడుగ్గా, పుల్లలా ఉండేది. తెల్లజుట్టు ముడి, మగవాళ్ళ రబ్బరు బూట్లు, భుజాన ఒక గుడ్డ సంచి. ఆ సంచిలో మెత్తని కుంచె, నీళ్ళ సీసా, చేతి అద్దం. అద్దం మొహం చూసుకోవడానికి కాదు. సమాధి రాయి మీద అక్షరాలు అరిగిపోతే, అద్దంతో ఎండని పక్కనుంచి కొడితే నీడలు పడి అక్షరం బయటికొస్తుంది. ఊళ్ళో బడి ఉన్నన్నాళ్ళూ ఆవిడే టీచరు. ప్రతి వసంతంలోనూ, బురద కాస్త ఆరగానే, పిల్లలందరినీ వరసగా సమాధుల తోటకి తీసుకెళ్ళేది. మా మెర్టన్‌కి లెక్కలు ఒక్కటీ గుర్తులేవు గానీ ఆ పాఠం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. సమాధి రాయికి కింది భాగం మట్టిలో ఉంటుంది. అక్కడ రాయి గరుకుగా, పాలిపోయి ఉంటుంది. పైన గాలికీ వానకీ నలిగి ఇంకో రంగులో ఉంటుంది. ఆ రెండిటి మధ్య ఒక గీత పడుతుంది. రాయిని పీకేసినా, ఎక్కడ దాచినా ఆ గీత పోదు. ఒకప్పుడు నిలబెట్టిన రాయా, అసలు నిలబెట్టనే లేదా అన్నది ఆ గీతే చెప్తుంది.

ఆవిడ మూలపురుషుడు కెప్టెన్ ఇఫ్రెయిమ్ థర్లో. ఈ కొండల్లో మొదట చెట్టు కొట్టింది ఆయనే, ఇంగ్లండు రాజు మీద యుద్ధానికి ఊరి మగవాళ్ళని వెంటబెట్టుకెళ్ళిందీ ఆయనే. తిరిగొచ్చి, రోడ్డు మీద ఆ పెద్ద తెల్ల ఇల్లు కట్టాడు. ఏవిస్ అందులో ఒక్కతీ ఉండేది. కెప్టెన్‌కి ఇద్దరు పెళ్ళాలు. రెండో ఆవిడ పేషెన్స్, కల్లు దుకాణం వాడి కూతురు, ఆయన పక్కనే పెద్ద రాయి కింద పడుకుని ఉంది. మొదటి ఆవిడ మెహిటబుల్. తోటలో కెప్టెన్‌కి ఎడమ పక్క మనిషంత మేర నేల కుంగి ఉంది గానీ, రాయి లేదు. ఏవిస్ బాధంతా ఆ కుంగిన నేల గురించే. ఆవిడ ముత్తాతకి తండ్రి నేథన్. ఆ నేథన్ మెహిటబుల్ కొడుకైతే, థర్లోల వంశం తల్లివైపు నుంచి తెల్లవాళ్ళని ఈ దేశానికి తెచ్చిన మొట్టమొదటి ఓడల దాకా వెళ్తుంది. పేషెన్స్ కొడుకైతే కల్లు దుకాణం దగ్గర ఆగిపోతుంది. బోస్టన్‌లో పాత వంశాల సంఘం ఒకటుంది, వాళ్ళు ఏవిస్‌కి రాసినప్పుడల్లా ఒకటే మాట: ఆధారం చూపించండి. ఆవిడ వయసంతా ఆ ఆధారం వెతకడంలోనే పోయింది. పెళ్ళి మాటెత్తితే, "ముందు మెహిటబుల్ దొరకనీ," అనేదట. మెహిటబుల్ దొరకలేదు, మొగుడూ దొరకలేదు.

రాయి ఒకప్పుడు ఉండేదని ఏవిస్‌కి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఉన్న రాయి ఏమైనట్టు? ఇక్కడే ఆవిడ బుద్ధి అడ్డదారి పట్టింది. తోటకి ఆనుకుని స్ప్రేగ్‌ల మేత పొలం, మధ్యలో రాతి గోడ. ఆరిన్ స్ప్రేగ్ ఆ పొలం ఆసామీ. తోట తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉండేది. గడ్డి కోయడం, మంచుకి ఒరిగిన రాళ్ళు నిలబెట్టడం, గోతులు తవ్వడం, అన్నీ ఊరికే చేసేవాడు. ఒకరోజు ఏవిస్‌కి ఆ గోడలో ఒక నల్ల పలక రాయి ముక్క కనబడింది. దాని మీద అక్షరమ్ముక్క లేదు. అయినా ఆవిడకి అది చాలింది.

ఆ మార్చి నెల ఊరి సభలో జరిగింది నేను కళ్ళారా చూశాను. మా ఊళ్ళో ఏడాదికోసారి అందరూ హాల్లో కూర్చుని రోడ్లూ, పన్నులూ, పదవులూ చేతులెత్తి తేల్చుకుంటారు. మధ్యాహ్నం ఆడవాళ్ళం బీన్స్, పంది మాంసం, పళ్ళు కూరిన పై రొట్టెలు వడ్డిస్తాం. నేను కత్తి పట్టుకుని ఆపిల్ పైని ముక్కలు కోస్తున్నాను. తోట కాపరి పదవి మాట రాగానే ఏవిస్ లేచింది.

"మా ముత్తవ్వని తీసుకెళ్ళి గోడలో పేర్చుకున్నవాళ్ళ చేతికి తాళంచెవి ఎందుకివ్వాలో నాకెవరైనా చెప్పండి," అంది, పాఠం అప్పజెప్పమన్నట్టు.

ఆరిన్ టోపీ తీసి లేచి నిలబడ్డాడు. మాటకారి కాదు. "మా గోడలో ఉన్నవన్నీ మా పొలం ఇచ్చిన రాళ్ళేనమ్మా. కావాలంటే విప్పి చూసుకోండి," అన్నాడు. అంతే, కూర్చున్నాడు.

ఆ హాల్లో సగం మంది ఏవిస్ దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాళ్ళే. టీచరు చెయ్యెత్తమంటే ఎత్తడం అలవాటైపోయిన చేతులవి. ఎత్తారు. ఆరిన్ దగ్గర్నుంచి తాళంచెవి తీసేసుకున్నారు. ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊరి సభకి రాలేదు. ఆ వసంతంలో తోట పొడుగునా ఉన్న గోడంతా ఒక్కడే విప్పాడు. ఒక్కో రాయీ తీసి గడ్డి మీద వెల్లకిలా పరిచాడు, దారిన పోయేవాళ్ళకి కనబడేలా. చూడ్డానికి ఎవ్వరూ పోలేదు. చూస్తే తప్పు ఒప్పుకోవాల్సొస్తుందని కాబోలు, బళ్ళలో పోతూ తలలు రెండో పక్కకి తిప్పుకునేవాళ్ళు. తరవాత వాళ్ళబ్బాయి లేలాండ్ మళ్ళీ గోడ పేర్చాడు. కొన్నేళ్ళకి ఆరిన్ పోయాడు. లేలాండ్ ఆయన్ని మా ఊళ్ళో పెట్టలేదు. నది దాటి కోరీ మిల్స్ తీసుకెళ్ళి పాతిపెట్టాడు. ఆ ఊళ్ళో స్ప్రేగ్‌లకి ఒక్క చుట్టం కూడా లేడు.

అమెరికా దేశం పుట్టి రెండు వందల ఏళ్ళయిన సంవత్సరం వచ్చింది. అందరికీ ఉన్నట్టుండి తాతముత్తాతల పిచ్చి పట్టుకుంది. మా ఊరి కమిటీ జూలై నాలుగున ఊరేగింపు పెట్టి, అది థర్లో ఇంటి ముందు ఆగేలా నిర్ణయించింది. ముందు తలుపు తెరిచి, పక్కన కెప్టెన్ పేరున్న కంచు పలకని ఏవిస్ చేత ఆవిష్కరింపజేస్తారు. మా వైపు ముందు తలుపు తెరవడమంటే మాటలు కాదు. అది పెళ్ళికూతుళ్ళకీ శవపేటికలకీ. మిగతా వాళ్ళందరం, పాస్టరుగారితో సహా, వంటింటి తలుపులోంచే వస్తాం. ఏవిస్ ఇంటి ముందు తలుపు వాళ్ళ నాన్న పోయాక మళ్ళీ తెరవలేదు.

తీరా చూస్తే ఆ గుమ్మం కింద రాయి ఆ చలికాలం మంచుకి పైకి లేచి, ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎవరైనా కాలు పెడితే నేరుగా గులాబీ పొదలో పడతారు. మెర్టన్ రోడ్డు పనివాళ్ళని ఇద్దర్ని తీసుకుని సర్దడానికి వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. అది మనుషులకి లేవలేదు. దగ్గరలో ట్రాక్టరున్నది లేలాండ్‌కే. మెర్టన్ అడిగాడు, అతను వచ్చాడు. మా ఊళ్ళో ట్రాక్టరు అడిగితే ఇవ్వకపోవడం ఉండదు, మాటలు లేకపోయినా సరే. ఏవిస్‌కేసి చూడకుండా గొలుసు తగిలించాడు.

రాయి నెమ్మదిగా లేచి, పక్కకి తిరిగి నిలబడింది. కింద అంటుకున్న మట్టి పెళ్ళలుగా జారింది. మెర్టన్ నోట్లో పైపు తీసి, "దీనికి మొహం ఉందే," అన్నాడు.

నిజంగానే ఉంది. గుండ్రటి మొహం, రెండు పక్కలా రెక్కలు. పాత సమాధుల మీద చెక్కే బొమ్మ. ఏవిస్ వసారాలోంచి పరిగెత్తుకొచ్చింది. డెబ్భై దాటిన మనిషి, ఆ పరుగు నేనెప్పుడూ చూడలేదు. సీసాలో నీళ్ళు పోసింది, కుంచెతో తుడిచింది. నా చేతికి అద్దమిచ్చి ఎండ కొట్టమంది. అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. కెప్టెన్ ఇఫ్రెయిమ్ థర్లో భార్య, నేథన్ తల్లి, మెహిటబుల్ ఇక్కడ నిద్రిస్తోంది, ముప్పై ఒకటో ఏట ప్రసవంలో పోయింది.

"నేథన్ తల్లి!" అని కేక పెట్టింది ఏవిస్. "విన్నీ, చదువు, గట్టిగా చదువు! నేథన్ తల్లి!" నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. నాకూ నవ్వొచ్చింది, సంతోషమేసింది. ఒక్క నిమిషం ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం అంటే నమ్మాలి.

అప్పుడు లేలాండ్ ట్రాక్టరు ఆపాడు. ఆ చప్పుడు ఆగిపోయేసరికి ఏవిస్ అటు చూసింది. అతను సీటు మీద కూర్చుని టోపీ చేతిలో పట్టుకున్నాడు, అచ్చం వాళ్ళ నాన్నలాగే. ఏవిస్ మొహంలో నవ్వు చచ్చిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను. అలాంటిది ఇంకోసారి చూడాలని లేదు.

చివరికి లేలాండే అన్నాడు. "టీచర్ గారూ, అది చెక్కేవాడు పాడు చేసిన రాయి అయ్యుంటుంది. ఏదో తప్పు పడితే పక్కన పడేసేవాళ్ళు కదండీ. అలాంటివి ఎవరికి పడితే వాళ్ళు వాకిళ్ళకి వేసుకునేవాళ్ళు. మా ఇంట్లో పాల గది ముందు కూడా ఒకటుంది."

ఆ మాట అబద్ధం కాదు, అలా చాలామంది చేశారు. ఇదీ అలాంటిదే అయితే థర్లోలు సమాధి రాయి పీకనట్టే. ఆవిడకి పట్టుకోవడానికి అతను చెయ్యి అందించాడు, అదీ తన నాన్నని ఊళ్ళోంచి వెళ్ళగొట్టిన మనిషికి. పట్టుకోమ్మా, పట్టుకుని బయటపడు అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఏవిస్ నా చేతిలోంచి అద్దం తీసుకుంది. ఎండని రాయి కింది భాగం మీదికి తిప్పింది. గీత ఉంది. దాని కింద గరుకు, పైన నునుపు. ఏళ్ళ తరబడి మట్టిలో నిలబడిన రాయి. అక్కడున్న మగవాళ్ళంతా ఆవిడ చేతికింద చదివినవాళ్ళే, అందరికీ కనబడింది. మెర్టన్ తల పైకెత్తి, "వాన పడేట్టుంది," అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

"లేలాండ్," అంది ఏవిస్. "ఈ గీత గురించి నీకు నేను చెప్పలేదా?"

"చెప్పారండీ."

"కనబడటం లేదా నీకు?"

అతను టోపీ పెట్టుకున్నాడు. "ఈ ఎండలో సరిగ్గా కనబడటం లేదండీ," అన్నాడు.

ఏవిస్ అక్కడే బురదలో చతికిలబడింది.

మగవాళ్ళని పంపించేసి ఆవిడని వంటింట్లోకి తీసుకొచ్చాను. టీ పెట్టాను, తాగలేదు. బూట్లు కూడా విప్పలేదు.

"దాని మీద కూర్చుని బఠాణీలు ఒలిచేదాన్ని విన్నీ," అంది. "నీడగా ఉంటుందని. చిన్నప్పుడు సుత్తి పెట్టి అక్రోట్లు కొట్టేదాన్ని దాని మీద. నాన్న పేడ బూట్లు దానికే రాసేవాడు. సరిగ్గా ఆవిడ మొహం మీద."

"మొహం కిందకుంది కదండీ," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఎవరు వేసుంటారంటావు?"

"ఎవరో ఎందుకేస్తారండీ? ఇల్లు కట్టిన మనిషే. మంచి పలక రాయి ఊరికే నిలబడి ఉంది, ఇంటికేమో వాకిటి రాయి కావాలి. కొత్త పెళ్ళాన్ని దాని మీదనుంచే లోపలికి తెచ్చుకునుంటాడు." నాకు కెప్టెన్ మీద ఒళ్ళు మండిపోతోంది. "మీరు పోయి గోడల్లో వెతికారు, ఆయనేమో కాళ్ళ కింద పరిచాడు."

అనకుండా ఉండాల్సింది. ఆవిడ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. "నాకు సిగ్గేస్తోంది," అంది. "కెప్టెన్ చేసిన దానికి కాదు. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. ఆరిన్ ఆ రోజు లేచి నిలబడ్డాడు చూడు, నాకు ఆ మొహమే కనబడుతోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇంకోడి గోడలో అక్షరం లేని ముక్క పట్టుకుని ఊరందరి ముందూ అనేశాను, సొంత గుమ్మం కింద చూసుకోలేదు."

లేలాండ్ చెప్పిన మాటనే పట్టుకోమన్నాను. పాడైపోయిన రాయి అంటే ఊరు నమ్ముతుంది, నమ్మకపోయినా నోరు మూసుకుంటుంది, మేం అలాంటివాళ్ళమే. బోస్టన్‌కి ఫొటో పంపితే ఆధారం కూడా దొరికినట్టే కదా. ఏవిస్ నాకేసి చూసి, "నువ్వు మంచిదానివి విన్నీ, కానీ కాసేపు మాట్లాడకు," అంది.

మర్నాడు సాయంత్రం స్ప్రేగ్‌ల ఇంటికి నడిచి వెళ్ళింది. ఒక్కతీ వెళ్ళలేక నన్ను కూడా రమ్మంది. లేలాండ్ కొట్టంలో పాలు పితుకుతున్నాడు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, నేర్చుకున్న పాఠంలా చెప్పేసింది. తప్పు తనదే. ఆరిన్‌ని కోరీ మిల్స్ నుంచి తీసుకొచ్చి మన తోటలో పెడదాం. ఎక్కడ కావాలంటే అక్కడ, థర్లోల మధ్యలోనైనా సరే. ఖర్చు, కాగితాలు అన్నీ తనే చూసుకుంటుంది.

లేలాండ్ పితకడం ఆపలేదు. తలెత్తకుండానే అన్నాడు, "అక్కడ గడ్డి బాగా కోస్తారండీ."

"లేలాండ్..."

"పక్కన పడుకున్నవాళ్ళు కూడా ఆయన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు." గొంతులో కోపం లేదు. ఉంటే నయంగా ఉండేది. "ఆ సంవత్సరం గోడ విప్పాడు కదండీ. మీరు వచ్చి చూస్తారని అనుకున్నాడు. రోజూ పొద్దున్నే మా అమ్మతో కాఫీ ఎక్కువ పెట్టమనేవాడు. టీచరుగారు వస్తే ఇవ్వాలి కదా అని."

ఏవిస్ తలుపు పట్టుకుని నిలబడింది. నాకైతే భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది, ఆవిడ సంగతి చెప్పనక్కరలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ గోడ పక్కనుంచే నడవాలి. ఆవిడ దాని మీద చెయ్యి ఆనించి నడిచింది, ఇల్లొచ్చేదాకా.

జూలై నాలుగున బ్యాండు వచ్చింది, జెండాలు వచ్చాయి, పిల్లలు టోపీలు పెట్టుకుని వచ్చారు. ఏవిస్ గుడ్డ కప్పిన కంచు పలక పక్కన నిలబడి, గుడ్డ తియ్యలేదు. "మెహిటబుల్ థర్లో రాయిని తీసింది స్ప్రేగ్‌లు కాదు. మా వాళ్ళు. పుట్టినప్పట్నుంచీ నేను దాన్ని తొక్కుతున్నాను. ఆరిన్ స్ప్రేగ్ మీద నేను అన్న ప్రతి మాటా తప్పు. మీరు చేతులెత్తింది నా మాట నమ్మి," అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. కానీ మా వాళ్ళకి నలుగురిలో మనసు విప్పే మనిషంటే ఎంత భయమంటే, బ్యాండు మాస్టరు తొందరపడి వాయించేశాడు. అందరూ ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. పండగ పూట ఇదేం గోల అని కొందరు గొణిగారు. లేలాండ్ రాలేదు. ఆ పూట అతను గడ్డి కోసుకుంటున్నాడు.

బోస్టన్‌కి ఆవిడ ఫొటో పంపలేదు. నేనడిగితే, "మెహిటబుల్‌ని ఇంకోసారి వాడుకోను," అంది. రాయిని కెప్టెన్‌కి ఎడమ పక్క కుంగిన చోట నిలబెట్టించింది. వాకిట్లోకి ఇంకో రాయి తెస్తానని మెర్టన్ ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. ముందు తలుపు కింద మోకాలంత లోతున గొయ్యి అలాగే ఉండిపోయింది. పండగ రోజుల్లో పొరుగూరివాళ్ళు కార్లలో పోతూ చూసి, అంత పెద్దింటికి మెట్టు లేదేమిటని అడిగేవాళ్ళు. ఆవిడ వసారాలో ఉంటే తనే పిలిచి, ఎందుకు లేదో మొదట్నుంచీ చెప్పేది. వద్దండీ అంటే వినేది కాదు. చెప్తున్నంతసేపూ మెడ దాకా ఎర్రబడిపోయేది.

నాలుగేళ్ళ తరవాత అక్టోబరులో పోయింది. పేటికని ముందు తలుపులోంచే తీసుకెళ్ళాలి, అది ఆచారం. మోసేవాళ్ళు ఆరుగురు, మెర్టన్ ముందు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. కింద మెట్టు లేదు, రాత్రి వానకి గొయ్యంతా బురద. దింపితే పేటిక తలవైపు పల్టీ కొడుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

లేలాండ్ రోడ్డు మీద ట్రక్కు ఆపుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని మోయమని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది? అతను గడ్డి దాటుకుని వచ్చి, రాయి ఉండాల్సిన చోట ఆ గోతిలోకి దిగాడు. రెండు కాళ్ళూ చీలమండల దాకా దిగబడ్డాయి. భుజం ఆనించి, "ఊఁ, వదలండి," అన్నాడు.

"బరువా?" అన్నాడు మెర్టన్.

"లేదు. టీచరుగారు ఎప్పుడూ సన్నమే కదా."

పేటిక అతని భుజం మీదనుంచి కిందికి దిగింది. అందరూ తోటవైపు నడిచారు. లేలాండ్ బూట్లు గడ్డికి తుడుచుకుని, పాలు పితికే వేళయిందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. తోటలోకి మాత్రం రాలేదు.